హాస్టల్ బడి లెక్కలు చేతికొచ్చిన మా బిడ్డకు

దేవరకొండ

బిడ్డా,

నువ్వు పంపిన కవరు మొన్న బుధవారం అందింది. మూడేళ్ల జమాఖర్చుల కాగితాలు, ఫీజుల రిజిస్టరు జిరాక్సు, నీ నాలుగు పేజీల ఉత్తరం అన్నీ చూశాను. ఉత్తరం రెండుసార్లు చదివాను. లెక్కలు మాత్రం నాలుగు రోజులు ముందేసుకొని కూర్చున్నాను. కల్వకుర్తి దగ్గర ఆ ఆడపిల్లల హాస్టల్ బడికి నిన్ను కార్యదర్శిని చేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు ఎంతో సంతోషమేసింది. పిల్లల్ని నువ్వు బాగా చూసుకుంటావు, ఆ విషయంలో నాకు చింత లేదు. పైసల దగ్గరే భయం. ధర్మం కోసం పెట్టిన బడిలో డబ్బు మాట ఎత్తడమే తప్పన్నట్టు అందరూ మొహమాటపడతారు. ఆ మొహమాటంతోనే రెండు మంచి బడులు నా కళ్ల ముందే మూతపడ్డాయి. 28 ఏళ్లు ఇలాంటి బడి లెక్కలు రాసినవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు నీ ఉత్తరంలో మూడో పేజీ సంగతి. "ఒక్కో పిల్ల మీద ఏడాదికి 19,000 ఖర్చు, ఫీజు 15,000 తీసుకుంటున్నాం, తేడా నాలుగు వేలే, మరి ప్రతి జూన్‌లో అప్పు ఎందుకు చేయాల్సి వస్తోంది పెద్దనాన్నా" అని అడిగావు. ఆ 19,000 ఎక్కడిదో వెతికి చూశాను. అది వట్టి మెస్ ఖర్చు. బియ్యం, పప్పు, కూరగాయలు, నూనె, గుడ్లు, గ్యాసు, అంతే. నీకంటే ముందున్నవాళ్లు పిల్ల ఖర్చంటే తిండి ఖర్చే అనుకున్నారు. దాతలకూ అదే చెప్పారు, చెప్పీ చెప్పీ తామూ నమ్మారు. మరి పిల్లకు పాఠం చెప్పే టీచరు జీతం ఎక్కడ? అర్ధరాత్రి జ్వరమొస్తే లేచి కూర్చునే వార్డెన్ జీతం ఎక్కడ? బోరు మోటారు కాలిపోతే వైండింగ్‌కు ఇచ్చిన డబ్బు ఎక్కడ? అవన్నీ వేరే పద్దుల్లో, వేరే పేజీల్లో ఉన్నాయి. అన్నీ కలిపి ఎవరూ కూడలేదు.

నేను అన్నీ కలిపి కూడి చూశాను. మీ దగ్గర 160 మంది పిల్లలున్నారు. మెస్ 30 లక్షల 40 వేలు. టీచర్లు, వార్డెన్, వంటవాళ్లు, ఆయాలు, వాచ్‌మన్, అందరి జీతాలూ పీఎఫ్ కలిపి 31 లక్షల 20 వేలు. కరెంటు, నీళ్లు, జనరేటర్ డీజిల్ 3 లక్షల 60 వేలు. బట్టలు, పుస్తకాలు, దుప్పట్లు, సబ్బులు, నూనె, ప్యాడ్లు 7 లక్షల 20 వేలు. మందులు, ఆస్పత్రి 1 లక్షా 60 వేలు. రిపేర్లు, గోడలకు సున్నాలు 3 లక్షలు. ఆఫీసు, ఆడిట్, తిరుగుడు 2 లక్షలు. ఇంతవరకు మీ కాగితాల్లో ఉన్నవే. ఇంకో లక్ష నేను కలిపాను, ఎప్పటికైనా ఆ డార్మిటరీ పైకప్పు మార్చాలి కాబట్టి. మొత్తం 80 లక్షలు. 160తో భాగిస్తే ఒక్కో పిల్లకు 50,000.

ఈ అంకెను నీ టేబుల్ అద్దం కింద పెట్టుకో. నువ్వు పూర్తి ఫీజు అనుకుంటున్న 15,000 కట్టే పిల్ల కూడా 35,000 రాయితీ మీద చదువుతోంది. ఈ సంగతి ఆ పిల్ల తల్లిదండ్రులకు తెలియదు, మీ కమిటీకి తెలియదు, మొన్నటిదాకా నీకూ తెలియదు. అంటే మీ బడిలో రాయితీ లేని పిల్ల ఒక్కతీ లేదు. ఎవరికెంత అన్నదే ఎవరూ ఆలోచించి తేల్చలేదు.

ఇక ఆ తేడాను ఎవరు మోస్తున్నారో చూడు. కాగితం మీద ఫీజులు 24 లక్షలు రావాలి, వచ్చింది 17 లక్షల 60 వేలు. మిగతాది రాయితీ అని రాసి ఉంది. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అంటే రిజిస్టరులో "అధ్యక్షుల వారి సిఫారసు", "కమిటీ మెంబరు గారు చెప్పారు" అని కనిపిస్తోంది. బ్యాంకులో ఉన్న 90 లక్షల మూలనిధి మీద వడ్డీ 6 లక్షల 30 వేలు. విరాళాలు 50 లక్షలు. అన్నీ కలిపితే 73 లక్షల 90 వేలు. పోయినేడు మీరు చేసిన ఖర్చు 79 లక్షలు. పైకప్పు లక్ష పక్కన పెట్టనే లేదు. తక్కువపడిన 5 లక్షల చిల్లర కిరాణా షాపు అరువు, టీచర్ల మే నెల జీతం ఆపడం, ఒకాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. బిడ్డా, మే నెల జీతం రాని టీచరమ్మ కూడా మీ బడికి దాతే. ఆమెను అడగకుండా దాతను చేశారు. అది మొదట ఆపు.

ఫీజు ఎంతుండాలి అన్న చోట మెల్లగా నడవాలి. నా అనుభవం ఏమిటంటే అందరికీ ఒకే ఫీజు పెట్టడం చూడ్డానికి సమానంగా ఉంటుంది కానీ పేదవాడికే దెబ్బ. 15,000 అనేది కల్వకుర్తిలో ఎరువుల దుకాణం నడిపేవాళ్లకు ఏమంత లెక్క కాదు. వాళ్ల పిల్లను అదే ఊళ్లో ప్రైవేటు హాస్టల్లో వేస్తే దానికి ఎన్నో రెట్లు కట్టాలి. అదే 15,000 అచ్చంపేట పక్క తండాలో ఉండి, ఏడాదిలో ఎనిమిది నెలలు పూణె సైట్ల మీద మట్టి మోసే ఇంటికి కొండంత. అడగాల్సింది ఆ ఇల్లు ఎంత మోయగలదని. ఇంగ్లండులో క్రైస్ట్స్ హాస్పిటల్ అని ఒక బోర్డింగ్ బడి ఉంది, 1552లో లండన్‌లో దిక్కులేని పిల్లల కోసం పెట్టారు. ఇప్పటికీ అక్కడ తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి ఫీజు తేలుస్తారు. ఏమీ కట్టనివాళ్లూ, పూర్తిగా కట్టేవాళ్లూ ఒకే నీలం కోటు తొడుక్కొని ఒకే హాల్లో తింటారు. అంత పెద్ద మూలధనం మనకెక్కడిది అంటావు. నిజమే. పద్ధతి తెచ్చుకోవడానికి మూలధనం అక్కర్లేదు కదా.

మీ ఫీజుల పట్టికలో తల్లిదండ్రుల వృత్తులు చూసి ఒక అంచనా వేశాను. 12 ఇళ్లు 50,000 పూర్తిగా కట్టగలవు. 28 ఇళ్లు 30,000. 60 మంది ఇప్పుడున్న 15,000. 40 మంది 5,000. ఇక తల్లీ తండ్రీ లేనివాళ్లు, మంచాన పడ్డ తండ్రి ఉన్నవాళ్లు ఒక 20 మంది, వాళ్లకు ఏడాదికి 500. కూడితే 25 లక్షల 50 వేలు. ఇప్పుడు వస్తున్నదాని కంటే దాదాపు 8 లక్షలు ఎక్కువ, అదీ అడుగున ఉన్న 60 ఇళ్ల మీద భారం తగ్గించి. మీ లోటు పూడుతుంది, పైకప్పుకు లక్ష పక్కకు పడుతుంది, కొంచెం మిగులుతుంది కూడా. ఇది దూరం నుంచి వేసిన అంచనా, ఇళ్లు చూశాక మారుతుంది. ఆ 500 కూడా ఎందుకంటే, పిల్ల అమ్మమ్మ రశీదు చేత్తో పట్టుకొని పోవాలి. రశీదు ఉన్న మనిషి ఆఫీసు గదిలో కుర్చీ మీద కూర్చొని మాట్లాడుతుంది. లేకుంటే గుమ్మం దగ్గరే నిలబడుతుంది. నేను చూసిన సంగతే రాస్తున్నాను.

పైన ఉన్న 12 ఇళ్ల దగ్గర 50,000కి ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోవద్దు. వాళ్ల బిడ్డ ఖర్చు వాళ్లు పెట్టుకుంటున్నారు, చాలు. పక్క పిల్ల ఖర్చు కూడా వాళ్ల నెత్తిన రుద్దితే రెండో ఏడు కనిపించరు. ఇష్టమైతే విరాళంగా ఇస్తారు, దానికి వేరే రశీదు.

ఏ ఇల్లు ఎంత కట్టగలదో ఎలా తెలుస్తుంది? మీసేవలో తెచ్చే ఆదాయ సర్టిఫికెట్ మీద ఆధారపడకు. బోరు కింద పదెకరాల బత్తాయి తోట ఉన్నాయన, మెట్ట మీద రెండెకరాల ఆముదం వేసేవాడు, ఇద్దరూ ఒకే అంకె ఉన్న కాగితం తెస్తారు. ఇంటికి వెళ్లాలి. అడ్మిషన్ ఇచ్చే ముందు ప్రతి ఇంటికీ, తర్వాత రెండేళ్లకొకసారి. పొద్దుగూకే వేళకు వెళ్లు, కూలికి పోయినవాళ్లు అప్పుడే దొరుకుతారు. ఒక్కదానివే పోకు, ఒక టీచరమ్మను వెంట తీసుకెళ్లు. పక్కింటివాళ్లను వాకబు చేయకు, ఊరంతా పాకుతుంది. ఫోటోలు తీయకు. చాయ్ ఇస్తే తాగు.

అక్కడ చూడాల్సింది ఇంటి గోడలు కావు. సర్కారు ఇల్లు మంజూరైతే స్లాబు ఉంటుంది, లోపల గింజలుండవు. భూమిలో నీళ్లు పారే తరి ఎంత, మెట్ట ఎంత, బోరులో నీళ్లున్నాయా, ఎంతమంది వలస పోతున్నారు, కూలీలను వలస పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎంత ఉంది, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడా, ఈ మధ్య ఏ పిల్ల పెళ్లి చేశారు అని అడుగు. మా మర్రిగూడ వైపు ఇళ్లకు పోయినప్పుడు నేను పెద్దవాళ్ల మోకాళ్లు, వెన్ను చూసేవాణ్ని. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నలభై ఏళ్లకే వంగిపోయిన తండ్రి పాసుబుక్కులో నాలుగెకరాలున్నా ఆ చేతులు నాగలి పట్టవు. ఆ నాలుగెకరాలు కౌలుకు పోతాయి. అలాంటి ఇంటిని ఎకరాలు చూసి లెక్కేస్తే అన్యాయం చేసినట్టే.

మేస్త్రీ అడ్వాన్సులోంచి ఫీజు తీసుకోవద్దు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు పడ్డ మన జనం డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు, ఆ అడ్వాన్సు తీర్చడానికే ఏళ్లు గడిపారు. జూన్‌లో నువ్వు గట్టిగా అడిగితే తండ్రి వెళ్లి ఇంకో పదివేలు మేస్త్రీ దగ్గర తెస్తాడు, దానికి ఇంకో మూడు నెలలు కట్టుబడతాడు. పత్తి అమ్ముకునే ఇంటికి జనవరిలో గడువు పెట్టు. వేరుశనగ వేసే ఇంటికి ఆ పంట చేతికొచ్చాక. వలస పోయేవాళ్లు నెలనెలా ఫోన్‌పేలో 500 పంపుతామంటే సరేనను. కందులు, జొన్నలు తెచ్చి ఇస్తామన్నా తీసుకో, ఆ రోజు మార్కెట్ ధర కట్టి రశీదు రాయి. మా దగ్గర ఒక తండ్రి బొంబాయి నుంచి వచ్చినప్పుడల్లా రెండు వారాలు బడి గోడలకు ప్లాస్టరింగ్ చేసేవాడు. బయట తాపీ మేస్త్రీకి ఎంత కూలి ఇస్తామో అంతా పిల్ల ఖాతాలో జమ రాసేవాణ్ని. ఆయన నా దగ్గరికి వచ్చి లెక్క చూసి సంతకం పెట్టి పోయేవాడు. పిల్లల చేత మాత్రం ఫీజు బదులు పని చేయించే ఆలోచన కలలోకి కూడా రానివ్వకు.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు. నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. ఫీజులు వసూలు కావట్లేదని కమిటీ నన్ను గట్టిగా అడిగింది. నాకు తోచిన ఉపాయం ఏమిటంటే, పొద్దున ప్రార్థన అయ్యాక బకాయి ఉన్న పిల్లల పేర్లు చదవడం. మూడు రోజులు చదివాను. వసూళ్లు నిజంగానే పెరిగాయి. నాలుగో రోజు ఏడో తరగతి పిల్ల ఒకతి కనిపించలేదు. ట్రంకు పెట్టె మంచం కిందే ఉంది. తండా దేవరకొండకు పదిహేను కిలోమీటర్లు, సాయంత్రం సైకిల్ మీద వెళ్లాను. పిల్ల పత్తి ఏరుతోంది. నన్ను చూసి చేనులో అవతలి కొసకు పోయింది. వాళ్లమ్మ ఒకే మాట అంది: "పేరు పిలిచినంక ఎట్ల కూర్చుంటది సారూ." మళ్లీ పోయాను, కమిటీ పెద్దను తీసుకెళ్లాను, బకాయి మాఫీ అన్నాను. రాలేదు. ట్రంకు పెట్టె నేనే మోసుకెళ్లి ఇచ్చి వచ్చాను. ఆమె బకాయి 140 రూపాయలు.

అందుకని ఈ ఒక్క విషయంలో నిన్ను ఆజ్ఞాపిస్తున్నాననుకో. ఏ పిల్ల ఎంత కడుతుందో నీకు, గుమాస్తాకు, ఆడిటరుకు తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. టీచర్లకు కూడా తెలియకూడదు. ఫీజుల రిజిస్టరు బీరువాలో ఉండాలి, స్టాఫ్ రూమ్ టేబుల్ మీద ఉండకూడదు. హాల్ టికెట్ ఆపడం, పరీక్ష రాయనివ్వకపోవడం, టూరుకు "డబ్బు కట్టినవాళ్లే" అనడం, ఏదీ వద్దు. బట్టలు అందరికీ ఒకే తానులోంచి కుట్టించు. పూర్తి ఫీజు కట్టేవాళ్ల పిల్లలకు ఇంటి నుంచి తినుబండారాలు వస్తాయి, అది ఆపలేవు. గదిలో అందరి మధ్యా విప్పాలి అని నియమం పెట్టు, చాలు. దాత వచ్చి "నా డబ్బుతో చదివే పిల్లను చూపించండి" అంటే పిల్లల్ని వరసగా నిలబెట్టకు. బడి చూపించు, అన్నం పెట్టు, లెక్క చూపించు. ఆయన డబ్బు ఇద్దరు పిల్లల తేడాకు సరిపోయిందని అంకెతో చెప్పు. పేరు చెప్పకు. మనవాళ్లు ఒకప్పుడు వారాలు చేసుకొని చదువుకున్నారు, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. పెట్టినవాళ్లు పుణ్యాత్ములే. కానీ అలా తిన్న ఒక పెద్దాయన డెబ్బై ఏళ్ల వయసులో కూడా గురువారం ఇంటి గుమ్మం గురించి చెబుతూ గొంతు పూడుకుపోవడం నేను విన్నాను. ఊళ్ల నుంచి పట్నం పోయిన పిల్లలకు ఆ బాధ తప్పాలనే కదా 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి మీ పాలమూరు జిల్లా మనిషే. అందులో ఏళ్ల తరబడి పిల్లల బాగోగులు చూసిన సురవరం ప్రతాపరెడ్డి కూడా అటువాడే.

దాతల సంగతికి వస్తే, మన జనానికి అన్నదానం మీద ఉన్న ప్రేమ దేనిమీదా లేదు. పుట్టినరోజుకు, పెళ్లిరోజుకు, తద్దినానికి భోజనం పెడతామని వస్తారు. మీ డిసెంబరు పద్దు చూస్తే ఒకే వారంలో మూడు సార్లు స్వీటు, వెజ్ బిర్యానీ. జూన్‌లో, జూలైలో ఒక్కరూ లేరు. వద్దనకు, వాళ్ల మనసు మంచిది. ఒక పలక మీద రాసి ఆఫీసులో పెట్టు: ఒక రోజు బడి నడవడానికి ఇంత. నీ లెక్క ప్రకారం 80 లక్షలు, 300 రోజులు, అంటే రోజుకు దాదాపు 26,700. "ఒక రోజు భోజనం" బదులు "ఒక రోజు బడి" అడుగు. ఆ రోజు అన్నం, ఆ రోజు పాఠం, ఆ రోజు కరెంటు, ఆ రోజు రాత్రి వార్డెన్, అన్నీ అందులో ఉంటాయి. మేం ఇలా మార్చినప్పుడు మొదటి ఏడు సగం మంది వెనక్కి తగ్గారు. రెండో ఏడు వచ్చారు, తేదీలు పంచుకొని మరీ వచ్చారు. జూన్, జూలై తేదీలు తీసుకున్నవాళ్లను నేను ప్రత్యేకంగా కలిసి దండం పెట్టేవాణ్ని. బట్టలు, పుస్తకాలు, బియ్యం, అన్నీ ఆ రెండు నెలల్లోనే కొనాలి, విరాళాలేమో పన్ను కోసం మార్చిలో వస్తాయి. అందుకే మార్చి డబ్బులో కనీసం 12 లక్షలు జూన్ కోసం వేరే ఖాతాలో పడెయ్. అలా చేస్తే ఆ వడ్డీ ఆయన గడప తొక్కే అవసరం రాదు.

సెప్టిక్ ట్యాంకుకు, ఆడిటుకు, పీఎఫ్‌కు ఎవరూ ఇవ్వరని రాశావు. అడిగితే ఇస్తారు బిడ్డా. రిటైరైన ఉద్యోగుల్ని అడుగు, వాళ్లకు పీఎఫ్ విలువ తెలుసు.

మూలనిధిని ముట్టుకోకు. దాత "మూలనిధికి" అని రాసి ఇచ్చిన డబ్బు విడిగా ఉండాలి, వడ్డీ మాత్రమే నీది. ఒక ట్రస్టులో, పేరెందుకులే, కొత్త భవనం ఉత్సాహంలో మూలనిధి తీసి స్లాబు వేశారు. భవనం ఇప్పటికీ ఉంది. జీతాలకు వడ్డీ లేక బడి పోయింది. వడ్డీలో కూడా పదో వంతు తిరిగి అసలుకు కలుపుతూ ఉండు, లేకపోతే ధరలు పెరిగేకొద్దీ ఆ 90 లక్షలు నీకు తెలియకుండానే కరిగిపోతాయి.

చట్టం సంగతి రెండు ముక్కలు. పన్ను మినహాయింపు నిలవాలంటే ట్రస్టుకు ఏడాదిలో వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడే బడి పనికి ఖర్చుపెట్టాలి, మిగతాది దాచుకోవచ్చు. అంతకంటే ఎక్కువ దాచాలంటే కారణం చూపి గడువులోగా ఫారం వేయాలి. రెండు వేలు దాటిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు, కాబట్టి చెక్కో, ఆన్‌లైనో అడుగు. అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపుతామంటే ముందు వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కో. అక్కడి పౌరులైపోతే అది విదేశీ విరాళం. దానికి ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే ఖాతా ఉండాలి, ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు. అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకు. మిగతాది ఆడిటరు చూస్తాడు. ఆయనకు ఫీజు సరిగ్గా ఇవ్వు, ఉచితంగా చేస్తానన్నా ఇవ్వు.

మెస్ ఖర్చు ఎక్కువైందని కమిటీలో ఒకాయన అంటున్నాడని రాశావు. ఏడాదిలో పది నెలల లెక్కన పిల్లకు నెలకు 1,900 పడుతోంది. సర్కారు 2024 చివర్లో తన హాస్టళ్లలో పిల్లకు నెలకు ఇచ్చే తిండి డబ్బు, అదే డైట్ ఛార్జీలు, పెంచింది. ఏడో తరగతి వరకు 950 ఉన్నది 1,330 అయింది, ఎనిమిది నుంచి పది వరకు 1,100 ఉన్నది 1,540. ఆడపిల్లల సబ్బు, నూనెల డబ్బు కూడా ఏడు వరకు 55 నుంచి 175కు, ఆపైన 75 నుంచి 275కు పెరిగింది. వాళ్లకు బియ్యం పౌరసరఫరాల నుంచి వస్తుంది. మీరు బయట కొనాలి. పిల్లకు రోజుకు 450 గ్రాములు వేసుకుంటే నెలకు పదమూడున్నర కిలోలు, కిలో 50 చొప్పున 675. అది తీసేస్తే మీది 1,225. దుబారా ఏమీ లేదు, ఆయనకు ఈ లెక్క చూపించు. గుడ్డు, పాలు మాత్రం తగ్గించనివ్వకు.

తగ్గించాలంటే బియ్యం దగ్గర తగ్గించు. ఏడాదికి 216 క్వింటాళ్లు తింటున్నారు, నెలనెలా కిరాణాలో 26 కిలోల సంచులు కొంటున్నారు. మిర్యాలగూడ మిల్లుకు నేరుగా వెళ్లి ఏడాదికి రెండుసార్లు కొను. పాత బియ్యమే అడుగు, రెండు రూపాయలు ఎక్కువైనా సరే. పాత బియ్యం ఒదుగుతుంది. కొత్త బియ్యం ముద్దవుతుంది, పిల్లలు సగం పారేస్తారు. పురుగు పట్టకుండా వేపాకు వెయ్, కింద చెక్కలు పరిపించు. రోజూ పొద్దున హాజరు పట్టీ చూసి ఎంతమందో అంతమందికే తూచి ఇవ్వాలి, తూచేటప్పుడు వార్డెన్ కాక ఇంకొకరుండాలి. పదో తరగతి పిల్లల్ని ఇద్దరిని వారానికొకసారి పిలిచి స్టాక్ రిజిస్టరు చూడమను. మేం చేశాం. వాళ్లకు లెక్కలూ వస్తాయి, వంటింట్లో సంచులూ నిలుస్తాయి.

చివరగా నువ్వు అడగనిది ఒకటి. పిల్లలు గురుకులాలకు వెళ్లిపోతున్నారని దిగులుపడ్డావు. 1971లో అప్పటి మా నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టినప్పుడు కూడా మా కమిటీవాళ్లు ఇలాగే భయపడ్డారట, నేను చేరేనాటికి కూడా అదే మాట చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు గురుకులాలున్నాయి, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి, పైసా ఖర్చు లేదు. నీ పిల్లకు అక్కడ సీటొస్తే నువ్వే బస్సెక్కించి పంపు. ఆ మంచం ఖాళీ చేసిన చోట, ప్రవేశ పరీక్ష రాయలేనిది, తల్లిదండ్రులు నవంబరులో వలసపోతే ముసలమ్మ దగ్గర మిగిలిపోయినది, మధ్యలో బడి మానేసినది వస్తుంది. ఆ పిల్లకు నవంబరులో హాస్టల్ సీటు దొరకడం కష్టం. మీ 160 మంచాల్లో పది ఎప్పుడూ ఖాళీగా ఉంచు, ఆ పది ఖర్చు బడ్జెట్లో ముందే వేసుకో. దాతలకు ఇది నోరారా చెప్పు, నేను చెప్పినప్పుడు కాదన్నవాళ్లు లేరు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు బయల్దేరి వస్తాను. మా పాత ఫీజుల రిజిస్టరు నమూనా తెస్తాను, ఇంటి పరిశీలన ఫారం కూడా. అడ్మిషన్ల జాబితాలో మొదటి ఐదు ఇళ్లు ఆ సాయంత్రమే ఇద్దరం చూసొద్దాం. అచ్చంపేట వైపు ఇళ్లు ముందు పెట్టు. ఆటో మాట్లాడి ఉంచు, నా మోకాళ్లు ఇప్పుడు సైకిలుకు పనికిరావు.

మీ పెద్దమ్మ నీకు అప్పాలు చేసి పెట్టింది, 160 మందికీ సరిపడా చేస్తానని ఈ రాత్రి నుంచే పిండి పట్టిస్తోంది.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న